అవ్వ మాటల క్యాసెట్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. ఉంటే ఉండనీ, పంతులమ్మకు ఆ మాత్రం ఉండాలి. అదే లేకపోతే, బూర్గంపాడు అవతల అడవంచున ఉన్న ఆ కోయగూడెం బడికి నన్ను వేసినప్పుడు, మొదటి నెలలోనే ఎవరి కాళ్ళో పట్టుకుని ఖమ్మం దగ్గరికి వచ్చేసి ఉండేదాన్ని. నాకు ముందు వచ్చినవాళ్ళు చాలామంది అదే పని చేశారట. "ఈవిడ కూడా దసరా దాకా ఉంటుందేమో లెండి" అని మా హెడ్మాస్టరు ఎవరితోనో అనడం నా చెవిన పడింది. అంతే, నాకు రోషం వచ్చింది. మొదట ఆ రోషంతోనే అక్కడ ఉండిపోయాను. ఇష్టం తర్వాత పుట్టింది.

ఇది రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళయిన నాటి మాట. మా ఇల్లు ఖమ్మం పక్కనే, ఖానాపురం హవేలిలో. మా ఆయనకు ఖమ్మంలోనే ఉద్యోగం, ఇంట్లో అత్తమ్మ. నేను బూర్గంపాడులో ఒక గది కిరాయికి తీసుకుని సోమవారం తెల్లవారుజామున బస్సెక్కేదాన్ని, శనివారం సాయంత్రం తిరిగొచ్చేదాన్ని. ఆదివారం పొద్దున చర్చి, మధ్యాహ్నం కోడికూర, సాయంత్రం వారానికి సరిపడా చీరల ఇస్త్రీ. బూర్గంపాడు నుంచి గూడేనికి షేర్ ఆటో మలుపు దాకానే పోతుంది. అక్కడి నుంచి నడక. వానాకాలంలో చెప్పులు ఒక చేత్తో, చీర కుచ్చిళ్ళు ఇంకో చేత్తో పట్టుకుని, ఆ రోడ్డు వేయనివాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ బడికి చేరేదాన్ని.

బడి అంటే రెండు గదులు, ఒక వరండా. పెద్ద తరగతులు హెడ్మాస్టరు చూసేవారు. ఒకటి, రెండు నావి. హెడ్మాస్టరుది బోనకల్ వైపు. మనిషి చాలా మంచివారు. కాకపోతే "ఎందుకండీ మనకీ తంటా" అన్న మాట ముందు పుట్టి, ఆయన తర్వాత పుట్టారు.

నా ఒకటో తరగతిలో అందరూ కోయ పిల్లలే. ఇంట్లో కోయ, ఆటలో కోయ, అడవిలో కోయ. బడి గడప లోపల మాత్రం తెలుగు. నేను "కూర్చోండి" అంటే నిలబడేవాళ్ళు. "నిలబడండి" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. పేరడిగితే నేల చూపులు చూసేవాళ్ళు. ఇంటర్వెల్ గంట కొట్టడమే ఆలస్యం, వరండా మెట్లు దిగీ దిగకముందే వాగుడు మొదలు! ఒక్కొక్కడూ లాయరే. మళ్ళీ లోపలికి రాగానే మూగనోము. రెండో తరగతికి వచ్చేసరికి సగం మంది బడి వదిలి మేకల వెంట, మిరప తోటల వెంట పోయేవాళ్ళు. వాళ్ళకు బుర్ర లేక కాదు. ఏం జరుగుతోందో తెలియని చోట రోజంతా ఎవరు కూర్చుంటారు? నేనైతే కూర్చోను.

ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లల్లో ఒక ఆడపిల్ల ఉండేది. నల్లని బుగ్గలు, నూనె కారే జుట్టు, ఎప్పుడూ తడిగా ఉండే కళ్ళు. ఆ పిల్లను వాళ్ళ అవ్వ, అంటే నాయనమ్మ, రోజూ పొద్దున్నే చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నా ముందు కూర్చోబెట్టి పోయేది. ఆమె ఇల్లు చేరేలోపే ఈ పిల్ల అడ్డదారిన ఇంటికి చేరేది. అవ్వ మళ్ళీ లాక్కొచ్చేది. ఒక్కోరోజు ఆ రాకపోకలతోనే అవ్వకు మధ్యాహ్నమయ్యేది.

ఆ పిల్ల అన్నలిద్దరూ అంతకుముందే అదే బడిలో చేరి, అట్లాగే ఉరికిపోయి, చివరికి కూలికి అలవాటుపడ్డారు. మిగిలింది ఈ పిల్లే. అవ్వ పట్టుదలంతా దీని మీదే.

"ఇది ఒక్కతన్నా సదువుకోవాలె పంతులమ్మా," అనేది అవ్వ. "నర్సమ్మ కావాలె. తెల్ల చీర కట్టుకొని దవాఖానల కూసోవాలె. నువ్వు కొట్టినా సరే, తిట్టినా సరే, దీన్ని మాత్రం ఇడవకు."

కొట్టడం నాకు చేతకాదు. తిట్టడం వచ్చుగానీ, తెలుగులో తిడితే ఆ పిల్లకు అర్థం కాదు. ఇంకేం చేయను?

ఆ సమయంలోనే పైనుంచి కొత్త సంగతి ఒకటి వచ్చింది. ఒకటో తరగతి పిల్లలకు మొదట వాళ్ళ ఇంటి భాషలోనే చదువు చెప్పాలి. కోయ మాటల్ని తెలుగు అక్షరాలతో రాసిన పుస్తకాలు వస్తాయి. మెల్లగా, ఏటికేడు తెలుగు పెంచుకుంటూ పోవాలి. భద్రాచలంలో మాకు ట్రైనింగ్ పెట్టారు. బొమ్మల చార్టులు, కార్డులు, ఒక సంచి నిండా సరంజామా ఇచ్చారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇదేదో ముందే చేస్తే ఈ పాటికి అవ్వ మనవళ్ళిద్దరూ హైస్కూల్లో ఉండేవాళ్ళు కదా అని ఆ సంతోషంలోనూ కాస్త కోపం వచ్చింది.

కార్డుల్లో కొన్ని మా పిల్లలకు ఎందుకూ పనికిరానివి. మేడ, లిఫ్టు, ఫ్రిజ్. వాటిని పక్కన పెట్టి, పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించి వెనకవైపు నేనే బొమ్మలు వేశాను. ఇప్పపువ్వు, తునికాకు కట్ట, విల్లు, మామిడికాయ. నేను వేసిన మేక బొమ్మను చూసి పిల్లలు కుక్క అన్నారు. అది వేరే సంగతి. కానీ అన్నారు! నోరు తెరిచి అన్నారు. కార్డు చూపించగానే కోయలో పేరు చెప్పడం, నేను తిరిగి పలకడం, నా పలుకు విని వాళ్ళు పగలబడి నవ్వడం, అలా ఒక ఆట మొదలైంది. నీళ్ళను ఏర్ అంటారని, మామిడిని మర్క అంటారని అప్పుడే నేర్చుకున్నాను. అవ్వ మనవరాలు మాత్రం నవ్వేది కాదు. తలుపు వైపు చూస్తూ కూర్చునేది.

అయితే దీనికి ఒక మెలిక ఉంది. ఊరు ఒప్పుకోవాలి. గూడెమంతా కూర్చుని, సరే, మా పిల్లలకు మా మాటలోనే మొదలుపెట్టండి అని చెబితేనే పుస్తకాలు మాకు. వద్దంటే వేరే ఊరికి పోతాయి.

"ఒప్పుకోరండీ," అన్నారు హెడ్మాస్టరు, చాలా తృప్తిగా. "రాసిస్తాను, చూసుకోండి. ఎందుకండీ మనకీ తంటా?"

నేను నవ్వేశాను. సొంత భాషలో చదువంటే ఎవరు వద్దంటారు? పైగా అవ్వ నా పక్షమే కదా అనుకున్నాను. ఆ సాయంత్రమే అవ్వ ఇంటికి వెళ్ళి శుభవార్త చెబుతున్నట్టు సంబరంగా చెప్పాను. అవ్వ చేటలో జొన్నలు చెరుగుతూ విన్నది. చేట ఆగింది.

"వద్దు," అంది.

"అదేంది అవ్వా?"

"మా మాట ఇంట్ల ఉన్నది. ఇంట్ల ఉన్నదాన్ని నేర్పటానికి బడెందుకు? నేను దీన్ని రోజు అంత దూరం గుంజుకొచ్చేది మా మాట కోసమా? తెలుగు చెప్పు. ఇంగిలీసు చెప్పు."

నేను ట్రైనింగులో విన్నదంతా అప్పజెప్పాను. అవ్వ చెవిన వేసుకోలేదు. చేట కింద పెట్టి నా వైపు తిరిగింది.

"ఇను పంతులమ్మా. నాకు ఒకసారి కడుపుల నొచ్చింది, మస్తు నొచ్చింది. దవాఖానకు పోయిన. అప్పుడు నాకు తెలుగు గింత గూడ రాదు. ఎట్ల నొస్తుందో మా మాటల చెప్పిన. సూది ఏసేటామె నవ్వింది. లైన్ల ఉన్నోళ్ళు నవ్విన్రు. నేను చెప్పుడు బంద్ జేసి, నొప్పి గట్లనే పట్టుకొని ఇంటికి నడిసొచ్చిన. నా మనుమరాలు గట్ల నిలబడొద్దు. గదీ సంగతి."

అవ్వ వద్దంటే గూడెం వద్దన్నట్టే. ఊరి పెద్ద కూడా ఆమె మాటకు తల ఊపేవాడే, వరసకు తమ్ముడు అవుతాడు. పుస్తకాలు పోతాయి. ఈ పిల్ల కూడా అన్నల దారినే పోతుంది. ఆ రాత్రి బూర్గంపాడు గదిలో అన్నం సహించలేదు. దేవుడితో కాస్త గట్టిగానే మాట్లాడాను.

చివరికి నాకో ఆలోచన తట్టింది. కోయ మాటకు బడిలో విలువ ఉందని అవ్వకు ఎట్లా తెలుస్తుంది? సర్కారు పంతులమ్మ ఊరందరి ముందు నిలబడి కోయలో మాట్లాడితే తెలుస్తుంది. పత్తితీతలు మొదలుకాకముందే గూడెం సమావేశం. అప్పటికి కోయ నేర్చుకోవాలి. మాటలు విడివిడిగా కార్డుల వల్ల వస్తున్నాయి. వాక్యాలే రావాలి. ట్రైనింగులో ఒక సారు చెప్పిన చిట్కా గుర్తొచ్చింది. భాషను మిషన్ ముందు నిలబెడితే బిగుసుకుపోతుంది, వాళ్ళ పని వాళ్ళను చేసుకోనిచ్చి పక్కన రికార్డరు పెట్టండి, ఇంటికి పోయి వందసార్లు వినండి అన్నాడాయన.

ఖానాపురం హవేలి నుంచి మా అత్తమ్మ టేప్‌రికార్డరు తెచ్చాను. ఆమె దాంట్లో పొద్దున్నే భక్తి పాటలు వినేది. క్యాసెట్ కూడా ఆమెదే. అడిగి తీసుకోలేదు. అడిగితే ఇవ్వదు.

అవ్వ ముందు ఆ పెట్టె పెట్టి "ఏదన్నా మాట్లాడు అవ్వా" అన్నాను. అవ్వ కొంగు సర్దుకుని, నిటారుగా కూర్చుని, పెట్టెనే చూస్తూ ఉండిపోయింది. చాలాసేపటి తర్వాత తెలుగులో "అందరు మంచిగుండాలె" అంది. అంతే.

"నీ పని నువ్వు చేసుకో అవ్వా. దీన్ని ఈ మంచం మీద పెట్టి పోతా. నీ మాటలు ఇని నేను నేర్చుకుంటా."

"నా మాటలా? నీకెందుకమ్మా గవి?" అని నవ్వింది. "సరే, ఉండనీ. అన్నం అడగది గద."

పెట్టె నడుస్తుండగా అవ్వ సాయంత్రం పనులన్నీ చేసుకుంది. క్యాసెట్ ఒక పక్క నిండింది. అవ్వ గొంతు ఎంత బాగా పడిందో! పైకి పోతుంది, కిందికి దిగుతుంది, బుజ్జగిస్తుంది, గద్దిస్తుంది. వెనకాల కోళ్ళ అరుపులు, మేకల అరుపులు. పల్లెటూరు కదా, అవి ఉండవా అనుకున్నాను.

ఆ శనివారం ఇంట్లో పెద్ద గొడవ. అత్తమ్మ తన పాట కోసం మీట నొక్కితే అడవి భాషలో ఎవరో ముసలమ్మ గర్జించింది. అత్తమ్మ అదిరిపడి మంచినీళ్ళ గ్లాసు ఒలకబోసుకుంది.

"ఎవరే ఇది? నా పాటలేమైనయ్?"

"పాటలు రెండో పక్క ఉన్నయ్ అత్తమ్మా. ఇది నా చదువు."

"చదువా! ఎవరో కోడల్ని తిడుతున్నట్టున్నదే."

"మీకు కోయ వచ్చా?"

"కోయ రాదు. ఆ గొంతు నాకు తెలుసు," అంది అత్తమ్మ.

మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నేను పట్టించుకోలేదు. అత్తమ్మకు ప్రపంచమంతా అత్తాకోడళ్ళ లాగే కనిపిస్తుందిలే అనుకున్నాను. అయ్యో, అప్పుడే విని ఉంటే!

అంట్లు తోముతూ, బట్టలు ఆరేస్తూ, బూర్గంపాడు గదిలో కూర చేసుకుంటూ ఆ క్యాసెట్ వింటూనే ఉన్నాను. అర్థాలు గొంతును బట్టి ఊహించుకున్నాను. ఒకచోట అవ్వ చాలా మెత్తగా, లాలిస్తూ ఒకే మాట మళ్ళీ మళ్ళీ అనేది. రండమ్మా, రండి అన్నట్టుంది. సభ మొదలుపెట్టడానికి అంతకంటే మంచి మాట ఏముంటుంది? ఇంకోచోట గట్టిగా, స్థిరంగా ఒక మాట. అందరూ కుదురుగా కూర్చోండి అని అర్థం చెప్పుకున్నాను. మరోచోట గొంతు ఎత్తి, చేతులు ఊపుతున్నట్టు ఒక పెద్ద వాక్యం. ఇది తప్పకుండా జాగ్రత్తగా వినండి, చెప్పేది మీ మంచికే అని. ఆ ఊపు నాకు బాగా నచ్చింది. వీటి మధ్య బడి, పిల్లలు, పుస్తకం అన్న మాటలు అతికి, చిన్న ఉపన్యాసం తయారుచేసుకున్నాను. ఎవరినైనా ఒక్క మాట అడగొచ్చు కదా అంటారు. అడిగితే గూడెమంతా ముందే తెలిసిపోతుంది. అందరూ నోరెళ్ళబెట్టాలని కదా నా ఆశ!

నోరెళ్ళబెట్టారు. ఆ మాట మాత్రం నిజం.

సమావేశం రోజు బడి ముందు మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. ఊరి పెద్ద తుండుగుడ్డ భుజాన వేసుకుని మెట్టు మీద కూర్చున్నాడు. అవ్వ ఆడవాళ్ళ ముందు వరసలో, మొహం గంటు పెట్టుకుని ఉంది. వద్దని చెప్పడానికే వచ్చిందని చూడగానే తెలుస్తోంది. మనవరాలు వరండా స్తంభం వెనక దాక్కుంది. హెడ్మాస్టరు రెండు ముక్కలు చెప్పి "ఇక మేడం మాట్లాడతారు" అని పక్కకు తప్పుకున్నారు.

నేను లేచాను. అందరికీ దండం పెట్టి, అవ్వ గొంతులో ఉన్న మెత్తదనమంతా తెచ్చుకుని, ఊరి పెద్ద వైపు చేతులు చాచి మొదటి వాక్యం అన్నాను.

అందరూ నోరెళ్ళబెట్టారు. ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు.

ఆశ్చర్యపోతున్నారు, బాగా వచ్చిందన్నమాట అనుకుని రెండో వాక్యం అందుకున్నాను. గట్టిగా, స్థిరంగా. ఈసారి మగవాళ్ళలో ఒకాయనకు పొలమారింది. పిల్లలు వరండా మీద పడి దొర్లుతున్నారు. నాకు ఒళ్ళంతా చెమట. అయినా ఆపలేదు, నా మొండితనం నన్ను ఆపనివ్వదు. తల్లులందరి వైపు తిరిగి, చేతులు ఊపుతూ, ఆ మూడో పెద్ద వాక్యాన్ని ఊపిరి పీల్చుకోకుండా అప్పజెప్పాను.

ఇక చూడాలి! ఊరి పెద్ద తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి వాలిపోయాడు. ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. చంటిపిల్లలు ఆ గోలకు ఏడుపు అందుకున్నారు. నేను అన్నది ఏమిటో తర్వాత తెలిసింది. ఊరి పెద్దను "బా బా, చీకటి పడుతోంది, గంప కిందికి దూరు" అన్నాను. అది కోళ్ళను కమ్మేటప్పుడు అవ్వ అనే మాట. మగవాళ్ళందరినీ "కదలకుండా నిలబడు, తన్నావంటే కాళ్ళు విరగ్గొడతా" అన్నాను. అది మేకను కట్టేసేటప్పటి మాట. ఇక తల్లులందరినీ కలిపి "నీ కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావే, కుండ మాడిపోతుంటే కనిపించడంలేదా, మీ అమ్మ నేర్పింది ఇదేనా" అన్నాను. అది ఎవరిని అనేదో చెప్పక్కర్లేదు. మా అత్తమ్మ ఆ గొంతు వినగానే కనిపెట్టింది.

అవ్వ ఒక్కతే నవ్వలేదు. కోపంతో లేచి నిలబడింది.

"ఏంది పంతులమ్మా గిది? మనుషులతోని గిట్ల మాట్లాడుతరా? ఎవలు నేర్పిన్రు నీకు గీ మాటలు?"

"నువ్వే నేర్పినవ్ అవ్వా," అన్నాను.

"నేనా! ఎప్పుడు?"

"నీ మంచం మీద పెట్టె పెట్టిన గద. దాంట్ల ఇని నేర్చుకున్న."

అవ్వ నన్ను చూసింది. వెనక వరసలో ఉన్న తన కోడలిని, ఆ పిల్ల తల్లిని, చూసింది. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వు ఆపుకుంటోంది. అప్పుడు అవ్వకు వెలిగింది. "అయ్యో, అయ్యో" అని నడుం మీద చేతులు పెట్టుకుని మొదలుపెట్టింది చూడండి నవ్వడం! అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. ఆమె నవ్వడంతో, కాస్త తగ్గినవాళ్ళు మళ్ళీ అందుకున్నారు.

వాళ్ళ నవ్వులో ఎక్కడా చెడు లేదు. ఇప్పుడు తలుచుకుంటే నాకూ నవ్వాగదు. కానీ ఆ రోజు, ఆ నిమిషం, నాకు ఏం అన్నానో తెలియదు, ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. అంతమంది కళ్ళు నా మీదే. చదువుకున్న చదువు, ట్రైనింగు, నా రోషం, ఏవీ పనికిరాలేదు. ఏడుపు తన్నుకొచ్చింది. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, టేబుల్ మీద కార్డులన్నీ సంచిలో పడేసుకోవడం మొదలుపెట్టాను. బస్సు ఏ టైముకుందో కూడా ఆలోచిస్తున్నాను.

హెడ్మాస్టరు దగ్గరికొచ్చి మెల్లగా "ఊరుకోండమ్మా, ఊరుకోండి. అందుకే అన్నాను ఎందుకు మనకీ..." అని, నా మొహం చూసి మిగతా మాట మింగేశారు.

అవ్వ వచ్చింది. వెనక్కి తిరిగి జనాన్ని కోయలో ఒక్క అరుపు అరిచింది. నవ్వులు ఆగాయి. నా పక్కన బెంచీ మీద కూర్చుని సంచి మీద చెయ్యి వేసింది.

"ఏడికి పోతున్నవ్?"

"ఇంటికి పోతున్న."

"నవ్వితే పోతవా?"

"అవ్. పోతా."

"మల్ల రావా?"

"రాను," అన్నాను. కోపంగానే అన్నాను. చిన్నపిల్లలా అన్నాను.

అవ్వ నా చెమట మొహాన్ని, కార్డులు కుక్కిన సంచిని కాసేపు అట్లాగే చూసింది. తర్వాత తల తిప్పి స్తంభం వైపు చూసింది. దాని వెనక నుంచి మనవరాలు ఒక కన్నుతో మమ్మల్ని చూస్తోంది.

"ఇది గందుకేనా, రోజు ఇంటికి ఉరికొచ్చేది?" అంది.

నేను సంచి వదిలేశాను.

"బడిల దీన్ని చూసి నవ్వుతరా పంతులమ్మా?"

"ఎవ్వరు నవ్వరు అవ్వా. కానీ దానికి ఒక్క మాట అర్థం కాదు. పొద్దంత గట్లనే కూసుంటది, నేను ఇప్పుడు నిలబడ్డ తీరు. నాకన్నా బస్సున్నది పోవటానికి."

అవ్వ చేటలో జొన్నలు చెరిగే ఆ పెద్ద చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటినే చూసుకుంటూ కూర్చుంది. కళ్ళు తుడుచుకుందో, చెమటే తుడుచుకుందో నేను చూడలేదు. తర్వాత లేచి, ఊరి పెద్ద ముందు నిలబడి కోయలో మాట్లాడింది. ఈసారి బుజ్జగింపూ లేదు, గద్దింపూ లేదు. క్యాసెట్లో ఎక్కడా లేని గొంతు అది. మనుషులతో మాట్లాడే గొంతు. మనవరాలిని చూపించింది, నన్ను చూపించింది, ఒకసారి తన కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. ఆ ఒక్కటీ నాకు అర్థమైంది. మగవాళ్ళు తలలు దించుకుని విన్నారు. ఊరి పెద్ద తల ఊపాడు. ఆయన ఊపితే ఊరు ఊపినట్టే.

అవ్వ నా వైపు తిరిగింది.

"మా మాటలనే మొదలువెట్టు. దీనికి భయం పోవాలె. కానీ ఇను, తెలుగు గూడ రావాలె, మంచిగ రావాలె. రాలేదనుకో, నిన్ను ఇడిసిపెట్ట."

"వస్తది అవ్వా."

"ఇంకోటి. నువ్వు రోజు బడి కాంగనే మా ఇంటికి రా. మనుషులతోని మాట్లాడేది నేర్పుత. నువ్వు గిట్లనే నేర్పితే మా పిల్లలు మేకలైతరు."

మళ్ళీ అందరూ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను, ముక్కు చీదుకుంటూ. హెడ్మాస్టరు కూడా నవ్వి, రేపే ఆఫీసుకు వెళ్ళి ఊరి మాట చెప్పొస్తానన్నారు. ఆయన అంత జల్దీగా ఒక పనికి బయలుదేరడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున నాకు బడికి పోవాలంటే సిగ్గేసింది. దారిలో ఎదురైనవాళ్ళంతా "బా బా" అని పిలుస్తారని భయం. ఒకరిద్దరు పిలిచారు కూడా. తల వంచుకుని వరండా ఎక్కి, గది తలుపు తీసి, కుర్చీలో కూర్చున్నాను. ఇంకా ఎవరూ రాలేదు.

కాసేపటికి గడపలో అలికిడైంది. అవ్వ మనవరాలు. వెనక అవ్వ ఉందేమోనని చూశాను. లేదు. ఎవరూ చెయ్యి పట్టుకుని లాక్కురాలేదు. ఒక్కతే వచ్చింది. తిన్నగా నా కుర్చీ దగ్గరికొచ్చి, నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, నా మొహంలోకి చూస్తూ గబగబా కోయలో ఏదో చెప్పింది. ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదటిసారి. బొంగురుగా, అచ్చం అవ్వ గొంతులా ఉంది. నాకు సగమే అర్థమైంది. అప్పుడే లోపలికి వస్తున్న రెండో తరగతి పిల్లను పిలిచి ఏమంటోందని అడిగాను.

ఆ పిల్ల సంచి కింద పెట్టి చెప్పింది. "నువ్వు భయపడొద్దంట టీచర్. మెల్లగ వస్తదంట. ఎవలన్న నవ్వితే దీనికి చెప్పాలెనంట."

ఆ మాట నాకు చేరిందని నిశ్చయం చేసుకున్నాక, అవ్వ మనవరాలు వెళ్ళి తన చోట కూర్చుంది. ఆ రోజు ఇంటి గంట కొట్టేదాకా లేవలేదు.